పర్వత సీమలో విమాన మార్గము

చీనా దేశపు పటమును పరిశీలించినచో, నైరృతి భాగమున ఒక పెద్ద పళ్ళెరమువంటి ప్రదేశము కనబడును. చుట్టును కొండలు, నడుమ పల్లపు నేల. ఇదియే సిచువాన్ రాష్ట్రపు మైదానము. ఉత్తరమున చిన్‌లింగ్ పర్వతములు, పడమట టిబెట్టు పీఠభూమి అంచులు, తూర్పున యాంగ్‌చీ నది కోసికొని పోయిన ఇరుకు లోయలు దీనిని ఇరుగుపొరుగు సీమలనుండి వేరుచేయుచున్నవి. నేల సారవంతమైనది. వరి పుష్కలముగా పండును. జనసంఖ్య ఎనిమిది కోట్లకు మించినది. అయినను పూర్వకాలమున ఈ సీమకు పోవుటయు, ఇచ్చటినుండి వెలికి వచ్చుటయు గొప్ప ప్రయాస. నిట్టనిలువు కొండచరియలకు రంధ్రములు తొలిచి, వానిలో దూలములు దిగగొట్టి, పైన పలకలు పరచి కొన్ని బాటలను నిర్మించిరి. క్రింద నది హోరున ప్రవహించుచుండగా బాటసారులు ఆ పలకలపై నడిచి పోయెడివారు. ఎనిమిదవ శతాబ్దివాడైన లీ పో మహాకవి ఈ దారుల కష్టమునే వస్తువుగా గైకొని ఒక ప్రసిద్ధ కావ్యఖండిక రచించెను.

రైలుమార్గములు ఈ సీమలోనికి ఆలస్యముగా ప్రవేశించినవి. రాజధానియగు చెంగ్డూ నగరమునుండి చొంగ్‌చింగ్ నగరమునకు 1952వ సంవత్సరమున రైలు నడిచెను. చిన్‌లింగ్ పర్వతములను దాటి ఉత్తరదేశముతో కలుపు మార్గము ఆ దశాబ్దముననే సిద్ధమాయెను. దక్షిణమున కున్‌మింగ్ నగరమునకు పోవు మార్గము 1970లో గాని పూర్తికాలేదు. ఈ మార్గములకై తొలిచిన సొరంగములు, కట్టిన వంతెనలు వందలకొలదిగా నున్నవి.

విమానములు మాత్రము రైళ్ళకంటె ముందుగనే ఇచ్చటి కొండలను దాటినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 మొదలు 1945 వరకు, అమెరికా దేశపు రవాణా విమానములు మన అస్సాము రాష్ట్రమునుండి బయలుదేరి, హిమాలయముల తూర్పు కొసలను దాటి కున్‌మింగునకు సరకులు చేరవేసెను. 1944లో పెద్ద బాంబరు విమానములు దిగుటకై చెంగ్డూ చుట్టుపట్ల విమానాశ్రయములు కావలసివచ్చినపుడు, లక్షలకొలది రైతులు రాళ్ళను చేతితో పగులగొట్టి, పెద్ద రాతిదొర్లుడులను త్రాళ్ళతో లాగి నేలను చదును చేసిరి. అవి యుద్ధపు విమానములు. సామాన్య ప్రజలు ఎక్కి పోవు విమానములు వచ్చుటకు ఇంకను చాల కాలము పట్టెను.

చీనాలో చిరకాలము పౌర విమానయానమంతయు ఒకే ప్రభుత్వ శాఖ చేతిలో నుండెడిది. విమానములు దానివే, విమానాశ్రయములు దానివే, టిక్కెట్టు అమ్మువారును దాని ఉద్యోగులే. ఆ కాలమున విమానమెక్కుటకు పై అధికారుల అనుమతిపత్రము సైతము కావలసియుండెను. 1980వ దశాబ్దమున ఈ పద్ధతి మారసాగెను. రాష్ట్రములు తమ స్వంత విమాన సంస్థలను నెలకొల్పుకొనుటకు అవకాశము కలిగెను. 1984లో షియామెన్ నగరమునను, 1985లో షాంఘైలోను అట్టి సంస్థలు వెలసినవి. సిచువాన్ ఎయిర్‌లైన్స్ అను సంస్థ 1986 సెప్టెంబరు 19వ తేదీన స్థాపింపబడెను.

స్థాపనకును తొలి ప్రయాణమునకును నడుమ రెండు సంవత్సరములు గడచినవి. 1988 జూలై 14వ తేదీన ఈ సంస్థ విమానము మొదటిసారిగా ప్రయాణికులతో చెంగ్డూ నుండి వాన్‌షియన్ ప్రాంతమునకు పోయెను. వాన్‌షియన్ యాంగ్‌చీ నది యొడ్డుననున్న పట్టణము. నేడు దానిని వాన్‌చౌ అని పిలుచుచున్నారు. అప్పుడది సిచువానులోనిదే, 1997లో చొంగ్‌చింగ్ ప్రత్యేక నగరపాలన క్రిందికి పోగా దానితోబాటు విడిపోయెను. తొలి గమ్యస్థానముగా పెకింగునో షాంఘైనో ఎన్నుకొనక, కొండలలోని ఒక నదీతీర పట్టణమును ఎన్నుకొనుటలోనే ఈ సంస్థ స్వభావము తెలియుచున్నది.

ఆ విమానము పేరు యున్–7. సోవియట్ దేశపు ఆంటొనోవ్–24 నమూనాను అనుసరించి షీయాన్ నగరమున తయారుచేసినది. రెక్క రెక్కకొక ఇంజను, ముందు ప్రొపెల్లరు, లోపల ఏబది మందికి చోటు. చిన్న విమానాశ్రయములందు సులభముగా దిగగలదు. అయితే దూరప్రయాణములకు అది చాలదు. పైగా పడమటి కొండలపై ఎగురునపుడు రెండు ఇంజనులలో ఒకటి ఆగిపోయినచో, మిగిలిన యొక్క ఇంజనుతో ఆ శిఖరములకు పైగా నిలిచియుండు శక్తి దానికి లేదు. సిచువానులోనే 7,500 మీటర్లకు మించిన గోంగా శిఖరము కలదు. అట్టి చోట విమానమును కొనువారు అది ఎంత వేగముగా పోవునని విచారించుటకు ముందు, ఒక ఇంజను చెడినపుడు ఎంత ఎత్తున నిలువగలదని విచారింపవలెను.

పెద్ద విమానములు కావలెను. చేతిలో ధనము లేదు. విదేశ ద్రవ్యము మరింత దుర్లభము. ఈ చిక్కు విడిపోయిన విధము మిక్కిలి వింతగా నుండును. వాన్‌షియన్ పట్టణమునందే పుట్టిన మౌ చీజోంగ్ అను వర్తకుడొకడు, సోవియట్ దేశమున విమానములు అమ్మకమునకు సిద్ధముగా నున్నవనియు, అచ్చట నిత్యావసర వస్తువులకు కరవు ఏర్పడినదనియు విని యుండెను. చీనాలోని కర్మాగారములందో, అమ్ముడుపోని దుస్తులు, మేజోళ్ళు, తోలు వస్తువులు, డబ్బాలలో నిలువచేసిన ఆహారపదార్థములు పేరుకొని పోయి యున్నవి. ఆతడు ఈ రెండింటిని ముడిపెట్టెను. సుమారు 500 రైలుపెట్టెల సరకు సోవియట్ దేశమునకు పోయెను. దానికి మారుగా నాలుగు టుపోలెవ్–154 జెట్ విమానములు 1990వ దశాబ్దపు ఆరంభమున సిచువాన్ ఎయిర్‌లైన్స్ చేతికి వచ్చెను. సంతలో ధాన్యమిచ్చి ఉప్పు కొన్నట్లు, మేజోళ్ళనిచ్చి విమానములు కొన్నారని చీనాలో ఈ కథను నేటికిని చెప్పుకొందురు. ఆ వర్తకుని పిదపటి జీవితము వేరొక దారి పట్టెను. బ్యాంకు పత్రముల మోసమునకై 2000వ సంవత్సరమున ఆతనికి యావజ్జీవ శిక్ష పడెను.

టుపోలెవ్ విమానమునకు తోకవద్ద మూడు ఇంజనులు. చదునుగా లేని నేలపై దిగుటకు అనువుగా చక్రములు పండ్రెండు ప్రధానమైనవి. బలమునకు లోటు లేదు గాని, చమురు అతిగా త్రాగును. ఇట్టి విమానములనే చెంగ్డూలో మరియొక పెద్ద సంస్థయు నడుపుచుండెను. 1999 ఫిబ్రవరి 24వ తేదీన ఆ సంస్థవారి టుపోలెవ్ ఒకటి చెంగ్డూ నుండి వెన్‌చౌ నగరమునకు పోవుచు, దిగబోవు సమయమున నేలకూలెను. అందున్న 61 మందియు మరణించిరి. విమానపు ముక్కును ఎత్తుటకు దించుటకు తోడ్పడు కడ్డీలను కలుపు చోట, పిన్నుతో బిగింపవలసిన నట్టునకు బదులు వేరు రకము నట్టు వేసిరనియు, అది మెల్లమెల్లగా ఊడిపోయినదనియు విచారణలో తేలెను. అటుపిమ్మట చీనా సంస్థలు టుపోలెవ్‌లను నడుపుట మానివేసెను.

సిచువాన్ సంస్థ అప్పటికే కొత్తదారి త్రొక్కియుండెను. ఐరోపా దేశములు కలిసి నెలకొల్పిన ఎయిర్‌బస్ సంస్థవారి ఏ–320 విమానమును 1995లో తెప్పించెను. చీనా ప్రధాన భూభాగమున ఈ రకపు విమానమును మొట్టమొదట నడిపినది ఈ రాష్ట్ర సంస్థయే. అంతటి పెద్ద దేశపు పెద్ద సంస్థలు చూచుచుండగా, కొండల నడుమనున్న చిన్న సంస్థ ముందడుగు వేసెను. పూర్వపు విమానములందు చోదకుడు కడ్డీని లాగినచో తీగత్రాళ్ళు, కడ్డీలు ఆ లాగుడును రెక్కలకు అందించెడివి. ఏ–320లో చోదకుని ఆజ్ఞ విద్యుత్తు రూపమున కంప్యూటరునకు పోవును. కంప్యూటరు దానిని సరిచూచి రెక్కలను కదపును. ఏ–319, ఏ–320, ఏ–321 అను మూడును ఒకే కుటుంబమునకు చెందినవి. పొడవులో భేదమే గాని చోదకుల గది ఒకటే. ఒకదానిని నడుప నేర్చినవాడు స్వల్పమైన శిక్షణతో తక్కినవానిని నడుపగలడు. విడిభాగములును చాలవరకు ఒకటే. ధనము కొంచెముగా గల సంస్థకు ఇది గొప్ప లాభము. బ్రెజిల్ దేశపు ఎంబ్రేయర్–145 అను చిన్న జెట్లు కొన్ని 2000 ప్రాంతమున వచ్చి, కొంతకాలమునకు వెడలిపోయినవి. తుదకు ఎయిర్‌బస్ విమానములే నిలిచినవి.

2002లో సంస్థ పునర్వ్యవస్థీకరింపబడి, చీనా సదరన్, షాంఘై, షాన్‌తుంగ్ విమాన సంస్థలు దానిలో భాగస్వాములైనవి. మరుసటి సంవత్సరమున జరిగిన ఒక చిన్న విశేషము ప్రపంచ పత్రికల కెక్కెను. చీనావారికి ఎనిమిది శుభసంఖ్య. ఎనిమిది ఎనిమిదులు వరుసగా గల టెలిఫోను సంఖ్యను వేలము వేయగా, సిచువాన్ ఎయిర్‌లైన్స్‌వారు 23 లక్షల యువానులకు పైగా చెల్లించి దానిని దక్కించుకొనిరి. మరియొక విశేషము భోజనమునకు సంబంధించినది. కారము తినుటలో సిచువానువారు ఆంధ్రులకు తీసిపోరు. ఈ సంస్థ విమానములలో పరిచారికలు భోజనముతోబాటు మిరపకాయల పచ్చడిని ప్రత్యేకముగా వడ్డింతురు. తోకపై చిత్రించిన గుర్తు మాత్రము సముద్రపక్షిది. సముద్రము దరిదాపులలో లేని రాష్ట్రమునకు ఆ గుర్తెందుకని సందేహింపవచ్చును. సిచువాన్ అను పేరునకు నాలుగు నదులని జనులు అర్థము చెప్పుదురు. నదులన్నియు సముద్రమును చేరునుగదా యని సమాధానము.

ఈ సీమలోని విమానయానపు అసలు కష్టము తెలియుటకు టిబెట్టు వైపు చూడవలెను. చెంగ్డూ నుండి లాసా నగరమునకు ప్రయాణికుల విమానములు 1965లోనే ప్రారంభమైనవి. లాసా విమానాశ్రయము సముద్రమట్టమునకు 3,570 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి గాలి పీడనము సముద్రతీరమున నుండు పీడనములో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. సిచువానులోని డావ్‌చెంగ్ యాడింగ్ విమానాశ్రయము 2013లో తెరువబడెను. అది 4,411 మీటర్ల ఎత్తుననుండి, ప్రపంచములోని పౌర విమానాశ్రయములన్నింటిలో ఎత్తయినదిగా పేరొందినది.

గాలి పలుచనైనపుడు రెండు నష్టములు కలుగును. రెక్కలను పైకెత్తునది గాలియే గనుక, అది పలుచనైనచో విమానము మరింత వేగముగా పరుగెత్తినగాని లేవదు. ఇంజను మండుటకు గాలి కావలెను గనుక, ఆ వేగమును ఇయ్యవలసిన ఇంజనే అచ్చట బలహీనపడును. కావున మైదానమున రెండు మైళ్ళలోపు బాట చాలునట్టి విమానమునకు, పీఠభూమిపై నాలుగు వేల మీటర్ల బాట వేయవలసి వచ్చుచున్నది. దిగునపుడు సైతము విమానము వేగముగా నేలను తాకును. బ్రేకులు అధికముగా వేడెక్కును.

ఇట్టి చోట్లకు ఏ–319 తగిన విమానము. దాని రెక్కలు ఏ–320 రెక్కలే. దేహము మాత్రము సుమారు నాలుగు మీటర్లు పొట్టి. అన్న రెక్కలను తమ్మునికి తగిలించినట్లు, తక్కువ బరువును పెద్ద రెక్కలు, బలమైన ఇంజనులు మోయును.

ప్రాణవాయువు సంగతి మరియొకటి. విమానము లోపలి గాలి తగ్గినచో ప్రయాణికుల తలలపైనుండి ముసుగులు జారి ప్రాణవాయువు నందించును. సాధారణ విమానములందు ఆ వాయువు పదునైదు, ఇరువది నిమిషములు వచ్చును. ఆలోపల చోదకుడు విమానమును 3,000 మీటర్ల ఎత్తునకు దించినచో, ముసుగు లేకయే ఊపిరి ఆడును. టిబెట్టు అంచులలో నేలయే 4,000 మీటర్లు. కొండలు అంతకంటె ఎత్తు. దిగుదమన్న చోటు లేదు. అందుచే ఈ మార్గములకు పంపు విమానములందు అధికముగా ప్రాణవాయువు నింపుదురు. ఎచ్చట గాలి పోయినచో ఏ లోయవెంట ఎటు మరలవలెనో ముందుగనే గీతలు గీసి చోదకులకు నేర్పుదురు. ఈ జాగ్రత్తల విలువ 2018లో ఒకనాటి ఉదయమున లోకమునకు తెలిసివచ్చెను.

ఆ సంవత్సరము మే 14వ తేదీన సిచువాన్ ఎయిర్‌లైన్స్ వారి ఏ–319 విమానము 119 మంది ప్రయాణికులతోను, తొమ్మండుగురు సిబ్బందితోను చొంగ్‌చింగ్ నుండి లాసాకు బయలుదేరెను. కాప్టెన్ పేరు ల్యూ చువాన్‌జ్యాన్. ఆతడు పూర్వము వైమానిక దళమున శిక్షకుడుగా నుండినవాడు. లాసా మార్గము ఎరిగినవాడు. ఉదయము 7 గంటలు దాటిన కొలదిసేపటికి, 9,800 మీటర్ల ఎత్తున పోవుచుండగా, సహచోదకుని ముందరి అద్దము బీటలు వారెను. విమానమును చెంగ్డూకు మరలింతుమని కాప్టెన్ రేడియోలో తెలిపెను. అంతలోనే అద్దము బద్దలై ఎగిరిపోయెను. లోపలి గాలి ఒక్కసారిగా వెలికి దూకెను. ఆ ఊపునకు సహచోదకుని దేహము సగము కిటికీలోనుండి వెలికి పోయెను. నడుమునకు కట్టుకొన్న పట్టీ ఆతనిని కాపాడెను. పిదప ఆతడు లోపలికి రాగలిగెను.

చోదకుల గదిలో పలుకులు వినిపించుటకు వీలులేని హోరు. చలి సున్నకు దిగువ నలుబది డిగ్రీలు. ఎదుటి పలకపైనున్న పరికరములలో కొన్ని చెడిపోయినవి. రేడియోలో ఎవరేమి పలుకుచున్నదియు వినరాదు. కాప్టెన్ పలుచని చొక్కాతో కూర్చుండి, ప్రాణవాయువు ముసుగు తగిలించుకొనుటకు సైతము వీలుచిక్కక, చేతి కడ్డీతో విమానమును నడిపెను. తక్షణమే క్రిందికి దూకింపవలెనని ఎవరికైనను తోచును. కాని క్రింద కొండలు. అదిగాక, వేగముగా దింపినకొలది ముఖమును కొట్టు గాలి మరింత ఉద్ధృతమగును. ఆతడు ముందుగా సుమారు 7,200 మీటర్లకు మాత్రము దించి, పర్వతములు దాటి మైదానముపైకి వచ్చిన పిదప ఇంకను క్రిందికి దించెను. ప్రయాణికుల గదిలో విశ్రమించుచుండిన మరియొక కాప్టెన్ వచ్చి, గడ్డకట్టుచున్న ఆతని భుజములను మర్దించుచు, దారి సరిచూచుచు తోడ్పడెను. అద్దము పోయిన అరగంటకు పైగా, సుమారు 7 గంటల 40 నిమిషములకు, విమానము చెంగ్డూలోని షువాంగ్‌ల్యూ విమానాశ్రయమున దిగెను. నింపిన చమురు ఇంకను మిగిలియుండుటచే బరువు అధికమై, బ్రేకులు వేడెక్కి చక్రములలోని గాలి దిగిపోయెను. లోపలనున్న 128 మందియు ప్రాణములతో వెలికి వచ్చిరి. సహచోదకునికిని ఒక పరిచారికకును కొలది గాయములు తగిలినవి.

అద్దము ఏల పగిలినది? విమానపు ముందరి అద్దము ఒక్క పలక కాదు. పలకలను ఒకదానిపై నొకటి అతికి చేయుదురు. మంచు పట్టకుండ దానిని విద్యుత్తుతో వేడిచేయుచుందురు. అంచులలో తడి చొరకుండ పట్టీ వేయుదురు. ఆ పట్టీ బహుశః దెబ్బతిని యుండుననియు, దానిగుండ చెమ్మ లోపలికి చేరి, వేడినిచ్చు విద్యుత్తు తీగను నానబెట్టగా అచ్చట నిప్పురవ్వలు పుట్టెననియు, ఆ వేడికి బలమైన రెండు పలకలును పగిలెననియు 2020లో వెలువడిన విచారణ నివేదిక నిర్ణయించెను. 1999లో ఒక నట్టు, 2018లో ఒక పట్టీ. రెండవసారి 128 మంది బ్రదికిరనిన, అందులకు కాప్టెన్ ధైర్యమెంత కారణమో, కొండల పైని మార్గములకు ఏ చోట మరలవలెనని ముందుగా గీచియుంచిన గీతలును అంత కారణము. పత్రికలు మొదటిదానినే ఎక్కువగా కొనియాడినవి. 2019లో ఈ వృత్తాంతమును చలనచిత్రముగా తీయగా చీనాలో కోట్లకొలది జనులు చూచిరి.

ఆ సంవత్సరముననే, అనగా 2018 ఆగస్టులో, సంస్థకు మొదటి ఏ–350 విమానము వచ్చెను. సిచువాన్ అడవులలో నివసించు పాండా జంతువు బొమ్మను దానిపై చిత్రించిరి. అంతకుముందే 2010లో చేరిన ఏ–330 పెద్ద విమానములతో 2012లో కెనడా దేశపు వాంకూవరునకును, 2013లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కును రాకపోకలు ప్రారంభమైనవి. 2020 నాటికి విమానముల సంఖ్య నూట యేబదిని మించెను. 2021 జూన్‌లో చెంగ్డూ నగరమునకు త్యెన్‌ఫూ అను రెండవ విమానాశ్రయమును తెరచిరి.

ఇంతలో నేలపై దారులును ఊరకుండలేదు. చెంగ్డూ, చొంగ్‌చింగ్ నగరముల నడుమ వేగవంతములైన రైళ్ళు రాగా, విమానములకు అచ్చట పని లేకపోయెను. 2017 డిసెంబరులో షీయాన్ నుండి చెంగ్డూకు, లీ పో వర్ణించిన ఆ పర్వతములకు అడుగున సొరంగములగుండ, వేగపు రైలు నడిచెను. పడమట లాసా దిక్కుగా పోవు రైలుమార్గమునకు చెంగ్డూ కొసనున్న భాగము 2018లోను, లాసా కొసనున్న భాగము 2021లోను తెరువబడెను. యా–ఆన్ పట్టణమునుండి న్యింగ్‌చీ వరకు గల నడిమి భాగపు నిర్మాణము 2020 నవంబరులో ఆరంభమాయెను. ఒకదాని వెనుక నొకటిగా నిలిచిన పర్వతశ్రేణులను తొలుచుచు ఆ పని సాగుచున్నది.